నంబరు నొక్కితే అవతల ఎవరు?

విశాఖ నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఒకే సంగతి మీద ఉన్నాయి. మనసు బాగోనప్పుడు ఫోన్లో దొరికే పరీక్షలు, యాప్‌లు, చాట్‌బాట్లు, హెల్ప్‌లైన్లలో ఏది నమ్మాలి, ఏది వదిలెయ్యాలి అని. మేం అన్నిటినీ ఒకే ప్రశ్నతో పరీక్షించాం: ఇది మనిషిని మాట్లాడే మరో మనిషి దగ్గరికి చేరుస్తోందా, తన దగ్గరే కట్టిపడేస్తోందా? పేర్లు తీసేసి, ఉత్తరాలు కుదించి వేస్తున్నాం. చదువుతున్న మీకే ఈ క్షణాన ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి ఉంటే పత్రిక పక్కన పెట్టి 112కి గానీ 108కి గానీ ఫోన్ చెయ్యండి. ఎవరితోనైనా మాట్లాడితే బాగుండనిపిస్తే 14416 ఉంది. రాత్రీపగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు.

ప్రశ్న: స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ నాది. ఒక వెబ్‌సైట్లో తొమ్మిది ప్రశ్నల పరీక్ష చేసుకుంటే 11 వచ్చింది. 'మధ్యస్థ స్థాయి డిప్రెషన్' అని ఎర్రక్షరాల్లో చూపించి, ఆ కిందనే రెండు వేల రూపాయల ప్యాకేజీ కొనమంది. నాకు నిజంగా జబ్బుందా?
(కూర్మన్నపాలెం)

జవాబు: మీరు చేసుకున్నది పీహెచ్‌క్యూ-9 అయి ఉంటుంది. డాక్టర్లూ వాడే పరీక్షే, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. గడిచిన రెండు వారాల్లో ఏ ఇబ్బంది ఎన్ని రోజులు ఉందో అడుగుతుంది. వరసగా ఆసక్తి, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి, తన మీద తనకే చులకన, ఏకాగ్రత, కదలికల్లో మందకొడితనం లేదా కుదురు లేకపోవడం, ఆఖరున చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి కాస్త తీవ్రం, 20 నుంచి తీవ్రం. 10 గానీ అంతకుమించి గానీ వచ్చిందంటే ఒకసారి డాక్టరు కూర్చోబెట్టి మాట్లాడాలని అర్థం. జబ్బు ఖాయమైపోయిందని కాదు.

మీ 11 ఎక్కడెక్కడ నుంచి వచ్చిందన్నది అసలు విషయం. రాత్రి షిఫ్టుల్లో నలిగిన మనిషికి నిద్రలో 3, నీరసంలో 3, ఆకలిలో 2, ఏకాగ్రతలో 2, ఆసక్తిలో 1 వస్తే మొత్తం 11. ఇంకొకరికి ఆసక్తిలో 3, దిగులులో 3, చులకనలో 3, తొమ్మిదో ప్రశ్నలో 2 వచ్చినా 11 అవుతుంది. వెబ్‌సైటుకి ఇద్దరూ ఒకటే, ఒకే ఎర్రక్షరాలు. డాక్టరుకి మాత్రం మొదటాయన నిద్ర సంగతి తేల్చాల్సిన మనిషి, రెండో ఆయన ఈరోజే చూడాల్సిన మనిషి. తొమ్మిదో ప్రశ్నకి 1 వచ్చినా, మిగతా మొత్తం 3 ఉన్నా సరే, ఆ రోజే ఎవరితోనైనా మాట్లాడాలి. ఆ జవాబు తర్వాత హెల్ప్‌లైన్ నంబరు చూపించకుండా మామూలుగా మొత్తం మార్కులు వేసి పంపేసే సైటు ఏదైనా సరే, మూసెయ్యండి.

తొమ్మిదీ అయ్యాక మార్కుల్లేని పదో ప్రశ్న ఒకటి ఉంటుంది. పై ఇబ్బందుల వల్ల ఉద్యోగం, ఇంటి పనులు, నలుగురితో మెలగడం ఎంత కష్టమయ్యాయని అడుగుతుంది. చాలా సైట్లు దీన్ని ఎగ్గొడతాయి, లెక్కలోకి రాదు కదా అని. డాక్టరు మాత్రం దాన్ని కూడా చూస్తారు.

మీరు చెయ్యాల్సింది ఇది. రాత్రి షిఫ్టు అయిన మర్నాడు పరీక్ష చేసుకోకండి. పగటి డ్యూటీల వారం చివర మళ్లీ చేసుకుని, మొత్తం ఒక్కటే కాకుండా తొమ్మిది జవాబులూ విడివిడిగా కాగితం మీద రాసుకోండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, బీ12 పరీక్షలు చేయించండి. ఇవి తేడాగా ఉన్నా నీరసం, నిద్ర, దిగులు అచ్చం ఇలాగే ఉంటాయి. ఈ కాగితం, వాడుతున్న మందుల చీటీ, నెల షిఫ్టుల పట్టిక పట్టుకుని సైకియాట్రిస్టుని కలవండి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఉదయంపూట ఓపీ ఉంటుంది. ఆ గేటు దాటడానికి మొహమాటపడే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. లోపల ఓపీ వరసలో ఎక్కువమంది మీలాగే నిద్ర పట్టనివాళ్లు, గుండె దడ వాళ్లు, తాగుడు మానాలనుకునేవాళ్లు. ప్యాకేజీ మాత్రం కొనకండి. పరీక్ష పెట్టినవాడే మందు అమ్ముతుంటే మార్కులు ఎక్కువ రావడం వాడికి లాభం.

ప్రశ్న: 14416కి చెయ్యాలనుంది, ధైర్యం చాలడం లేదు. ఫోన్ మావారు రోజూ చూస్తారు. అత్తగారు పక్క గదిలోనే ఉంటారు. చేస్తే ఏం జరుగుతుంది? ఇంటికి ఎవరైనా తిరిగి ఫోన్ చేస్తారా?
(పెందుర్తి)

జవాబు: అమ్మా, ఇది టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది, వెనకాల బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ ఉంది. చెయ్యగానే ముందు రికార్డు గొంతు వస్తుంది, భాష ఎంచుకోమంటుంది. తెలుగు ఎంచుకుంటే శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. కౌన్సెలర్ స్థాయిలో తేలకపోతే సైకియాట్రిస్టుకో, దగ్గరి ఆసుపత్రికో కలుపుతారు. ఒక్కోసారి లైను వెంటనే దొరకదు. రెండోసారి కూడా కలవకపోతే 1800 891 4416 చూడండి, అదీ వాళ్లదే, ఉచితమే.

ఎక్కువమంది మొదటి అర నిమిషంలోనే ఫోన్ పెట్టేస్తారు, ఏం చెప్పాలో తోచక. కథంతా మొదటి నుంచి చెప్పక్కర్లేదు. ఈ మూడు ముక్కలు చాలు: "నా పేరు చెప్పడం ఇష్టం లేదు. ఎక్కువసేపు మాట్లాడలేను. ఈ నంబరుకి మీరు తిరిగి చెయ్యొద్దు, నేనే చేస్తాను." ఈ మాట మొదట్లోనే అనండి. మధ్యలో లైను తెగితే వాళ్లు మంచి ఉద్దేశంతోనే తిరిగి చేసే అవకాశం ఉంది, అప్పుడు ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు. ఎవరైనా గదిలోకి వస్తే అనడానికి ఓ మాట కూడా ముందే అనుకుని ఉంచుకోండి. "గ్యాస్ బుకింగ్ గురించండీ, తర్వాత చేస్తాను" అని పెట్టేస్తే చాలు.

ఇక ఫోన్లో మిగిలే జాడలు. కాల్ లిస్టులో ఆ ఒక్క నంబరు మీద వేలు నొక్కిపట్టి తీసెయ్యండి. లిస్టంతా ఖాళీ చేస్తే అదే అనుమానం తెస్తుంది. సిమ్ మీవారి పేరున ఉంటే కంపెనీ యాప్‌లో కాల్ వివరాలు ఆయన చూసుకోగలరు, మీ ఫోన్లో తీసేసినా అక్కడ పోవు. ఇద్దరి ఫోన్లలోనూ ఒకే గూగుల్ ఖాతా ఉంటే మీరు వెతికినవి, చూసిన యూట్యూబ్ వీడియోలు ఆయన ఫోన్లోనూ కనబడే వీలుంది. అందుకని వెతికేటప్పుడు బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరవండి, అందులో చూసినవి హిస్టరీలో మిగలవు. యాప్ దించుకోవద్దు, గుర్తు తెర మీదే కూర్చుంటుంది, నోటిఫికేషన్లు గంట కొడతాయి. వీటన్నిటికన్నా మేలు ఇంకో ఫోన్. పుట్టింటికి వెళ్లినప్పుడో, పొరుగావిడ దగ్గరో, మీ వార్డు సచివాలయం ఏఎన్ఎం దగ్గరో ఓ పది నిమిషాలు అడగండి.

మీరు చెప్పింది గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. మీకో ఇంకొకరికో ప్రాణాపాయం ఉందనుకుంటే మాత్రం కాపాడడానికి అవసరమైనంత మేరకు బయటపెట్టవచ్చు. ఉత్తరంలో మీరు రాయలేదు గానీ, ఫోన్ తనిఖీ వెనక కొట్టడం, బెదిరించడం కూడా ఉంటే 181 మహిళా హెల్ప్‌లైను వేరుగా ఉంది. హింసకు గురైన ఆడవాళ్లకి అండగా నిలిచే సఖి కేంద్రం సాయం అందులోనే అడగవచ్చు.

ప్రశ్న: ఫోన్ చేసి చచ్చిపోవాలనుందని చెబితే పోలీసు కేసు అవుతుందంటున్నారు.
(పేరు, ఊరు రాయలేదు)

జవాబు: ఆలోచన నేరం ఏనాడూ కాదు. ప్రయత్నించినవాళ్లు కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, విచారించి శిక్షించకూడదని 2017 చట్టం 115వ సెక్షన్ అంటోంది. పాత శిక్షాస్మృతిలో ఆ నేరం కింద ఉన్న 309 సెక్షన్ 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ప్రయత్నం తర్వాత ఆసుపత్రిలో చేరిస్తే వాళ్లు పోలీసులకు సమాచారం పంపడం మాత్రం మామూలే. అది రివాజు. దానికి భయపడి ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చెయ్యకండి, అక్కడ పోయేది గంటలు కాదు, ప్రాణం.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో ఏడు. రాత్రి రెండింటిదాకా ఏఐ చాట్‌బాట్‌తో మాట్లాడతాడు. "నీకన్నా అదే నన్ను అర్థం చేసుకుంటుంది" అన్నాడు. ఆపించాలా?
(ఎంవీపీ కాలనీ)

జవాబు: ఫోన్ లాక్కోవద్దు. మీ అబ్బాయి తన మనసులో మాట మాటల్లో పెట్టగలుగుతున్నాడు, అది మంచి గుర్తే. మాట వెళ్తున్న చోటు సంగతే చూడాలి. ఇలాంటి వాటితో లాభం లేకపోలేదు. డాక్టరుతో ఏం చెప్పాలో రాసిపెట్టుకోవడానికి, ఊపిరి నిదానంగా తీసే అభ్యాసానికి, పానిక్ అటాక్ అంటే ఏమిటో తెలుసుకోవడానికి పనికొస్తాయి.

చిక్కులు ఎక్కడంటే, ఇవి ఎదుటివాడి మాటకి తల ఊపే స్వభావం ఉన్నవి. "నేనెవరికీ అక్కర్లేదు" అని పదేపదే అంటుంటే ఓదారుస్తూనే ఆ మాటని నిజమన్నట్టు నడిపించగలవు. సంభాషణ పొడవయ్యేకొద్దీ తమ రక్షణ ఏర్పాట్లు సడలవచ్చని చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2025 ఆగస్టులో ఒప్పుకుంది. మన పిల్లలకి ఇంకోటుంది. వాళ్లు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో, సగం సగం స్పెల్లింగుతో కొడతారు. 'ఇక చాలురా బాబూ' అన్నది విసుగో వీడ్కోలో స్నేహితుడికి తెలుస్తుంది, యంత్రం పట్టుకోకపోవచ్చు. పట్టుకున్నా, లేచి వచ్చి తలుపు కొట్టలేదు.

అబ్బాయితో కూర్చుని తను వాడేదాన్ని తనచేతే పరీక్ష చేయించండి. తన మామూలు భాషలోనే "నాకు బతకాలని లేదు" అని కొట్టమనండి. వెంటనే సూటిగా ప్రమాదం గురించి అడిగిందా? మన దేశపు నంబరు ఇచ్చిందా, అమెరికాది ఇచ్చిందా? 988 అని వస్తే అది అమెరికా నంబరు, ఇక్కడ నొక్కితే ఎక్కడికీ పోదు. పరీక్ష కోసం చేస్తున్నట్టు ముందే అనుకుని, అయ్యాక ఆ చాట్ తీసెయ్యండి. ఆ పక్కనే "నిజంగా ఎప్పుడైనా అలా అనిపించిందా నాన్నా?" అని మీరే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఆ భయం అక్కర్లేదు. 'అవును' అంటే కంగారుపడకుండా ఇంకో రెండు అడగండి. ఎలాగో ఆలోచించావా, ఎప్పుడని అనుకున్నావా. వీటికీ అవునంటే ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో మందుల డబ్బా, పురుగుమందు లాంటివి ఉంటే తాళంలో పెట్టండి. 14416కి ఇద్దరూ కలిసి చెయ్యండి. పొద్దున్నే డాక్టరు.

ప్రశ్న: యాప్‌లో వీడియో కౌన్సెలింగుకి గంటకి పదిహేను వందలు అడుగుతున్నారు. ఆ మనిషి నిజంగా చదువుకున్నవారో కాదో ఎలా తెలుస్తుంది?
(సీతమ్మధార)

జవాబు: యాప్‌లో ఉన్న నక్షత్రాలు, మెచ్చుకోళ్లు చూడకండి. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత ఎండీ సైకియాట్రీ, డీఎన్‌బీ, డీపీఎంలలో ఏదైనా చేసినవారు, మందు రాయగలరు. మెడికల్ కౌన్సిల్ నంబరు ఉంటుంది. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఫోన్లో చూసే డాక్టరు ఎవరో, ఆయన నంబరేమిటో రోగికి తెలియాలి, చీటీ మీదా ఉండాలి. క్లినికల్ సైకాలజిస్టుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన సీఆర్ఆర్ నంబరు (ఆ కౌన్సిల్ రిజిస్టరులోని నంబరు) ఉంటుంది. కౌన్సిల్ వెబ్‌సైట్లో పేరో నంబరో కొట్టి మీరే చూసుకోవచ్చు. వారు మందులు రాయకూడదు.

'కౌన్సెలర్', 'లైఫ్ కోచ్', 'హీలర్' అని మాత్రమే ఉంటే జాగ్రత్త. వారాంతపు కోర్సు సర్టిఫికెట్టుతో కూడా ఆ బోర్డు పెట్టేస్తున్నారు. అలాగని నంబరు లేనివాళ్లందరూ పనికిరారనీ కాదు. సైకాలజీలో ఎంఏ, ఎంఎస్సీ చేసి, అనుభవమున్న పెద్దవారి చేతికింద పనిచేస్తున్న మంచి కౌన్సెలర్లు ఉన్నారు. వాళ్లని "ప్రాణాపాయం అనిపిస్తే ఎవరికి పంపుతారు?" అని ఒక్కటి అడగండి. ఫలానా ఆసుపత్రి, ఫలానా డాక్టరు అని వెంటనే చెబితే దారి తెలిసిన మనిషి. "అంతదాకా రాదులెండి" అంటే డబ్బులు మిగిల్చుకోండి.

పది సెషన్ల డబ్బు ముందే కట్టకండి. యాప్ దించేటప్పుడు కాంటాక్టులు, మెసేజీలు, లొకేషన్ అడుగుతుంది. వీడియో కాల్‌కి కెమెరా, మైకు చాలు. మిగతావి సెట్టింగుల్లో యాప్ పేరు మీద నొక్కి, అనుమతుల్లో ఆపెయ్యండి. ఆపితే పనిచెయ్యనని మొండికేసే యాప్‌కి మీ కాంటాక్టులతో వేరే పనుంది. ఇప్పటికే మందు మొదలైతే ఒక మాట. దిగులు మందులు పని చూపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. పదో రోజున 'ఏం లాభం లేద'ని యాప్ మార్చినట్టు డాక్టర్ని మార్చకండి, మందు ఒక్కసారిగా ఆపకండి.

ప్రశ్న: మా క్లాసమ్మాయి అర్ధరాత్రి ఇన్‌స్టాలో 'అందరికీ సారీ, బై' అని స్టోరీ పెట్టింది. రిపోర్టు కొట్టాం. సరిపోతుందా?
(మధురవాడ హాస్టల్ నుంచి ఇద్దరు)

జవాబు: సరిపోదు. రిపోర్టు కొట్టండి, తప్పు లేదు. అందులో ఆత్మహత్య, తనను తాను గాయపరుచుకోవడం అనే వరస ఎంచుకుంటే ఆమెకి సాయం నంబర్లు చూపిస్తారు, ఎవరు కొట్టారో చెప్పరు. కానీ అది ఎప్పుడు ఎవరు చూస్తారో మీ చేతిలో లేదు. మీ చేతిలో ఉన్నది ఫోన్.

స్టోరీ స్క్రీన్‌షాట్ తీసుకుని వెంటనే ఫోన్ చెయ్యండి, మెసేజ్ కాదు. ఎత్తకపోతే మళ్లీ మళ్లీ చెయ్యండి. మీలో ఒకరు ఆమెతో లైనులో ఉంటే ఇంకొకరు రూమ్మేటుకో, వార్డెన్‌కో, ఇంటివాళ్లకో చెయ్యాలి. ఒక్కరే అన్నీ చెయ్యబోతేనే ఆలస్యం అయ్యేది. ఎత్తితే "ఎక్కడున్నావు, పక్కన ఎవరున్నారు, ఏమైనా చేసుకున్నావా" అని సూటిగా అడగండి. చేసుకుందని తెలిసినా, ఎక్కడుందో తెలియకపోయినా 112. పోలీసు, అంబులెన్సు రెండూ ఆ నంబరుకే పలుకుతాయి. ఆమె ఫోన్ నంబరు, చివరిసారి చూసిన చోటు, హాస్టల్ పేరు, గది నంబరు దగ్గర పెట్టుకుని మాట్లాడండి. "ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి" అంటుంది. ఆ ఒట్టు వెయ్యకండి. "నీ పక్కన ఉంటా, కానీ ఒక పెద్దవాళ్లకి చెబుతా" అనండి. కోపమొస్తే రానివ్వండి.

క్లాసు వాట్సాప్ గ్రూపులో ఆ స్క్రీన్‌షాట్ మాత్రం వెయ్యొద్దు. మర్నాడు ఆమె తిరిగి రావలసింది ఆ క్లాసుకే.

ప్రశ్న: కాలేజీ తరఫున మనసు బాగోని విద్యార్థులకి దారి చూపించే వెబ్‌పేజీ తయారుచేస్తున్నాం. చాట్‌బాట్, మూడ్ ట్రాకర్ (రోజూ మనసు ఎలా ఉందో నమోదు చేసుకునేది), పరీక్షలు అన్నీ పెడదామనుకున్నాం. ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు?
(ఇంజినీరింగ్ విద్యార్థుల బృందం, విశాఖ)

జవాబు: ముందు ఒక పని తగ్గించుకోండి. చాట్‌బాట్ వద్దు, మూడ్ ట్రాకర్ వద్దు. వాటిని రాత్రి రెండింటికి కనిపెట్టుకుని కూర్చునే మనిషి మీ దగ్గర లేరు. మీ పేజీ చేరవెయ్యాలి, అంతే. అదే సరిగ్గా చెయ్యడం ఎంత కష్టమో మొదలుపెట్టాక తెలుస్తుంది.

తెర తెరవగానే కిందికి జరపకుండా 14416 కనబడాలి. నొక్కితే డయల్ అయ్యే లింకుగా, అంకెలు పెద్దవిగా. ల్యాప్‌టాప్‌లో లింకు పనిచెయ్యదు, అక్కడ అంకె చూసి ఫోన్లో కొట్టుకోవాలి. పోస్టరు బొమ్మలో నంబరు కలిపేసి పెట్టడం అందరూ చేసే పని. బొమ్మలో అంకెని నొక్కలేం, చూపులేనివాళ్ల ఫోన్ దాన్ని చదవలేదు. కింద నాలుగే నాలుగు దార్లు పెట్టండి: ఇప్పుడే ప్రమాదంలో ఉన్నాను, ఎవరితోనైనా మాట్లాడాలి, డాక్టరు కావాలి, స్నేహితుడి గురించి బెంగగా ఉంది. ఏ దారిలోనైనా రెండో నొక్కుకి ఒక ఫోన్ నంబరో, చిరునామా-వేళలో రావాలి. మూడో నొక్కు దాకా 'మానసిక ఆరోగ్యం అంటే ఏమిటి' అని వ్యాసం చదివించకండి. ఆ వ్యాసం అవసరమైనవాళ్లు ఆ టైముకి ఆ పేజీకి రారు. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 కూడా ఓ మూల పెట్టండి. లోన్ యాప్‌ల బెదిరింపులు, ఫొటోలు మార్ఫింగ్ చేసి డబ్బు గుంజడం వెనక ఉన్న దిగులు కౌన్సెలింగుతో ఒక్కటే తీరదు, సైబర్ ఫిర్యాదు కూడా పడాలి.

పరీక్ష పెట్టితీరాలంటే పీహెచ్‌క్యూ-9 చివర్లో పెట్టండి. తొమ్మిదో ప్రశ్నకి 0 కాక ఏది నొక్కినా మార్కుల లెక్క ఆపి నంబరు చూపించాలి. జవాబులు ఫోన్లోనే లెక్కపెట్టి అక్కడే మర్చిపోవాలి, సర్వరుకి పంపకూడదు.

లాగిన్ వద్దు. గూగుల్ ఫారం వద్దు, మెయిల్ ఐడీ పట్టుకుంటుందేమోనన్న భయంతోనే సగం మంది వెనక్కి పోతారు. ఫేస్‌బుక్ పిక్సెల్ లాంటి, ఎవరేం చూశారో కనిపెట్టే ప్రకటనల ట్రాకర్లు ఏవీ పేజీలో ఉండకూడదు. ఉంటే 'డిప్రెషన్' పేజీ చూసిన పిల్లాడికి మర్నాటి నుంచి మందుల ప్రకటనలు వెంటపడతాయి. ముఖ్యంగా 'మీ బాధ ఇక్కడ రాయండి' అనే ఖాళీ పెట్టె పెట్టొద్దు. వీటిలో అన్నిటికన్నా ప్రమాదం అదే. ఎవరో ఒకరు రాత్రి అందులో తన చివరి మాటలు రాస్తారు, మీరు సోమవారం పొద్దున్న చూస్తారు.

'వెంటనే బయటికి' అనే బటన్ పెట్టండి, నొక్కితే వాతావరణం పేజీకో క్రికెట్ స్కోరుకో పోయేలా. కొత్త పేజీ తెరవడం కాకుండా ఉన్న పేజీ స్థానంలోకే వచ్చేలా రాయండి. లేకపోతే వెనక్కి బాణం నొక్కగానే మళ్లీ మీ పేజీయే వస్తుంది. అయినా అంతకుముందు చూసినవి హిస్టరీలో మిగులుతాయి. ఆ సంగతి బటన్ పక్కన ఒక్క లైనులో చెప్పండి, లేనిపోని భరోసా ఇవ్వకండి.

పేజీ బరువు 200 కేబీ లోపు ఉంచండి. వీడియో వద్దు, ఫ్యాన్సీ తెలుగు ఫాంటు వద్దు, ఫోన్లో ఉన్న ఫాంటే వాడండి. హాస్టల్ మూలగదిలో ఒక్క గీత సిగ్నల్‌తో తెరిచి చూడండి. రాసిన తెలుగుని క్యాంటీన్లో ఎవరిచేతైనా పైకి చదివించండి, తడబడిన చోటల్లా మార్చండి.

పోస్టర్ల మీద క్యూఆర్ కోడ్ వేస్తారు కదా. స్కాన్ చేసే దూరంలో పదో వంతు సైజు ఉండాలన్నది ఉజ్జాయింపు లెక్క, అంటే 30 సెంటీమీటర్ల నుంచి చేస్తే 3 సెంటీమీటర్లు. దాన్ని ప్రిన్సిపాల్ గది ఎదురుగా నోటీసు బోర్డులో అంటిస్తే ఒక్కరూ ఫోన్ ఎత్తి పట్టరు, నలుగురూ చూస్తారు. బాత్రూం తలుపుల లోపలి వైపు అంటించండి. కోడ్ కింద నంబరు అచ్చులో కూడా ఉండాలి, బ్యాటరీ రెండు శాతం ఉన్నవాడు స్కాన్ చెయ్యడు.

యాజమాన్యం దగ్గరికి వెళ్లేటప్పుడు చేతిలో ఒక కాగితం ఉంచుకోండి. విశాఖలో నీట్‌కి చదువుతున్న ఒక విద్యార్థిని మరణం మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరుండాలి. టెలి మానస్‌తో సహా హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో, వెబ్‌సైట్లో కొట్టొచ్చినట్టు కనబడాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఉండాలి. మీరు అడుగుతున్నది దయ కాదని దీంతో తేలిపోతుంది. కాలేజీ కౌన్సెలర్ ఎవరు, ఏ గది, ఏ రోజులు, ఏ వేళలు అన్నది మీ పేజీలో రాయండి. రాయడానికి ఏమీ లేకపోతే అదే మీ మొదటి అర్జీ.

ఆఖరుది, అందరూ మర్చిపోయేది. మీరు ఫైనలియర్ అయి వెళ్లిపోతారు, పేజీ ఉండిపోతుంది, నంబర్లు మారతాయి. సొంత డొమైన్ కొనకండి, కాలేజీ వెబ్‌సైట్లోనే చోటు అడగండి. జూనియర్లలో ఇద్దరి పేరన బాధ్యత పెట్టండి. నెలకోసారి ప్రతి నంబరూ నొక్కి, రికార్డు గొంతు రాగానే పెట్టెయ్యాలి. కౌన్సెలర్ దాకా పోనిచ్చి నిజంగా అవసరమైనవాళ్ల లైను ఆక్రమించకూడదు. 'చివరిసారి సరిచూసిన తేదీ' పేజీ అడుగున కనబడాలి.

ప్రశ్న: నాన్నకి డెబ్బై రెండు. అమ్మ పోయాక మాట తగ్గించేశారు. కీప్యాడ్ ఫోనే. యాప్‌లు ఆయనకి రావు.
(భీమిలి)

జవాబు: యాప్ అక్కర్లేదు. 14416 కీప్యాడ్ ఫోన్ నుంచీ పోతుంది. రికార్డు గొంతు చెప్పే నంబరు నొక్కేలోపే కంగారుపడతారు కాబట్టి మొదటిసారి మీరు చేసి, భాష ఎంచుకుని, కౌన్సెలర్ పలికాక ఫోన్ ఆయన చేతికివ్వండి. పెద్దవాళ్ల కోసమే 14567 ఎల్డర్‌లైన్ కూడా ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. పింఛను చిక్కులు, ఒంటరితనం, పిల్లలు చూడకపోవడం అన్నీ అక్కడ చెప్పుకోవచ్చు. రెండూ స్పీడ్ డయల్లో పెట్టి, ఏ అంకె నొక్కిపట్టాలో కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ఫోన్ వెనక అంటించండి.

ఈ వయసులో మాట తగ్గడం దిగులే కానక్కర్లేదు. మతిమరుపు మొదలవడం, చెవుడు, థైరాయిడ్, బీ12 తగ్గడం అన్నీ అలాగే కనబడతాయి. తేదీలు, ఇంటి దారి, డబ్బు లెక్క తప్పుతున్నారేమో రెండు వారాలు గమనించి రాసుకోండి. ఆ చీటీ, వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. బీపీకి, నిద్రకి, నొప్పులకి ఎవరెవరో రాసినవి కలిసి కూడా మనిషిని మందకొడి చేస్తాయి. సంచిలోంచి ఒక్క డబ్బా కూడా ఇంట్లో వదలొద్దు, ఆయుర్వేదం చూర్ణంతో సహా.